సీసం పనిలో ఉన్నాను, పుట్టే బిడ్డకు ఏమైనా అవుతుందా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది కదిరి దగ్గర పల్లె. ఎనిమిదేళ్లుగా బెంగళూరు పీణ్యలో పాత బ్యాటరీలు పగలగొట్టి, ప్లేట్లు కరిగించి, సీసం దిమ్మలు పోసే షెడ్డులో పనిచేస్తున్నాను. పెళ్లయి నాలుగేళ్లు. పోయినేడాది నా భార్య నెల తప్పింది, మూడో నెలలో గర్భం పోయింది. తర్వాత మళ్లీ ఏమీ లేదు. ఆమెకు థైరాయిడ్, షుగర్, స్కానింగ్ అన్నీ చేయించాం, బాగానే ఉన్నాయన్నారు. నాకు వీర్యం టెస్టు చేస్తే కౌంట్ 9 మిలియన్లు, కదలిక తక్కువ అని వచ్చింది. అయినా మా అమ్మ ఆమెనే అంటోంది. మా ఓనరు రోజూ పాలు, బెల్లం ఇస్తాడు, దాంతో సీసం కడుక్కుపోతుందంటాడు. ఊళ్లో ఒకాయన ధాతుపుష్టికని పొట్లాలిచ్చాడు, ఇంకా మొదలుపెట్టలేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ చేసే మా అన్న, వదిన, వాళ్ల రెండున్నరేళ్ల పాప కూడా మాతోనే ఉంటారు. ఇదంతా సీసం వల్లేనా? బిడ్డ పుడితే ఆరోగ్యంగా ఉంటుందా? పని మానేద్దామంటే ఇల్లు గడవదు. (ఒక పాఠకుడు, దాసరహళ్లి, బెంగళూరు)

జవాబు:

ముందు ఆ పొట్లాల సంగతి. వాటిని విప్పకండి. పారేయకండి కూడా, రేపు డాక్టరు అడిగితే చూపించడానికి ఉండాలి.

ధాతుపుష్టికని ఇచ్చే పొడుల్లో ఏముంటుందో ఒక్కోసారి ఇచ్చినాయనకే తెలీదు. అయితే ఈ అవసరానికి వాడే భస్మాల్లో పాతకాలం నుంచీ రెండు పేర్లు వినబడుతుంటాయి, వంగభస్మం, నాగభస్మం. వంగం అంటే తగరం. నాగం అంటే ఇక్కడ పాము కాదు, సీసం. పగలంతా మీరు ఏ లోహం పొగ పీలుస్తున్నారో, రాత్రికి దాని బూడిదే తేనెలో రంగరించి నాకమన్నట్టు! మీ పొట్లంలో అదే ఉందని నేననడం లేదు. లేదని తేలేదాకా నోట్లో వేసుకోవద్దంటున్నాను. 2004లో అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో దక్షిణాసియా నుంచి వచ్చిన 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే, 14 మందుల్లో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది. 2011, 2012ల్లో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉంటే, వాళ్లందరూ మన దేశం నుంచి వచ్చిన ఇలాంటి మందులే వాడుతున్నారని తేలింది. నాకు ఆయుర్వేదం మీద కోపమేమీ లేదు. దగ్గొస్తే మా ఇంట్లోనూ శొంఠి కషాయమే. లేబుల్ లేని పొట్లం మీదే నా కోపం.

ఇక మీ ప్రశ్న. ఇదంతా సీసం వల్లేనా? నా అనుమానం అటే పోతోంది. కానీ అవునని రాసివ్వలేను, ఎందుకంటే అసలు చేయించాల్సిన టెస్టు ఇంతవరకూ ఎవరూ చేయించలేదు. మీ ఆవిడకు థైరాయిడ్ చూశారు, షుగర్ చూశారు, స్కానింగ్ తీశారు. ఎనిమిదేళ్లుగా సీసం కరిగిస్తున్న మీకు మాత్రం రక్తంలో సీసం ఎంతుందో చూద్దామని ఒక్కరికీ తోచలేదు. తప్పు మీది కాదు. ‘నువ్వేం పని చేస్తావయ్యా?’ అని అడక్కుండానే చీటీ రాసేయడం మా డాక్టర్లకు పట్టిన జబ్బు.

ఆ టెస్టు పేరు బ్లడ్ లెడ్. పెద్ద ల్యాబుల్లో చేస్తారు, పరగడుపున వెళ్లక్కర్లేదు. షెడ్డు నుంచి నేరుగా మాత్రం పోకండి. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, అక్కడ సూది వేసే ముందు మోచేతి మడత సబ్బుతో బాగా కడుక్కోండి. చర్మం మీది దుమ్ము సూదితోపాటు లోపలికి పోతే లేని సీసం కూడా లెక్కలోకి వస్తుంది. వెంట్రుకలు కోసి పంపే టెస్టు, ఏదో మాత్ర మింగించి తర్వాత మూత్రం పట్టే టెస్టు చేస్తామని ఎవరైనా అంటే వద్దనండి. వాటితో మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

రిపోర్టులో డెసిలీటరు రక్తానికి ఇన్ని మైక్రోగ్రాములని ఒక అంకె వస్తుంది. 5, ఆ పైన ఉంటే అది ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. పిల్లల్ని కనాలనుకునే కార్మికులకు, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా, 30 లోపే ఉండాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో 1978 నుంచీ రాసి ఉంది. ఇవాళ చూస్తే ఆ 30 కూడా ఎక్కువే. 40 దాటిందంటే వీర్యం మీద దెబ్బ పరిశోధనల్లో స్పష్టంగా కనబడుతుంది. మీకు 50 దాటి వస్తే మర్నాడు కరిగించే పొయ్యి దగ్గరికి వెళ్లకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

సీసం మగవాడి సంతానం మీద దెబ్బ కొడుతుందన్నది కొత్త మాటేమీ కాదు. 1860లోనే ఫ్రాన్సులో కాన్‌స్టాంటిన్ పాల్ అనే డాక్టరు, సీసం పనివాళ్ల ఇళ్లలో గర్భాలు నిలవకపోవడం గమనించి రాశాడు. పనిచేసేది భర్త ఒక్కడే అయిన ఇళ్లలో కూడా. 1975లో రుమేనియాలో అచ్చంగా మీ పనే, బ్యాటరీ పని, చేసే 150 మందిని చూశారు. ఒంట్లో సీసం పెరిగిన కొద్దీ కౌంట్ తగ్గడం, కదలిక మందగించడం, ఆకారం చెడడం ఎక్కువయ్యాయి. 2002లో బెల్జియం, ఇటలీ, ఇంగ్లండుల్లో 503 మంది కార్మికుల లెక్క వచ్చింది. రక్తంలో సీసం 50 దాటినవాళ్ల వీర్యకణాల సాంద్రత మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. ఆ పరిశోధకుల అంచనాలో దెబ్బ మొదలయ్యేది 44 దగ్గర.

మీ 9 మిలియన్లంటే మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు కోటీ 60 లక్షలు. తక్కువే, సున్నా మాత్రం కాదు. ఇంతకంటే తక్కువ కౌంటున్న మగవాళ్లు కూడా తండ్రులవుతుంటారు. పైగా ఒక్క వీర్యపరీక్షతో తీర్పు చెప్పకూడదు. గత రెండు మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చినా కౌంట్ పడిపోతుంది. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, అదే ల్యాబులో ఇంకోసారి ఇవ్వండి. యూరాలజిస్టుకు ఒకసారి చూపించుకోవడమూ అవసరమే. వృషణాల దగ్గర సిరలు ఉబ్బినా ఇలాంటి రిపోర్టే వస్తుంది. అంతా సీసం మీదికే తోసేసి దాన్ని చూడకుండా వదిలేయడం నాకిష్టం లేదు. పొయ్యి వేడి కూడా ఉంది. వృషణాలు ఒంటికి వెలుపల ఉన్నదే చల్లదనం కోసం, మీరేమో రోజూ ఎనిమిది గంటలు వాటిని మంట ముందు పెడుతున్నారు.

మీకు ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. వీర్యకణం ఒకటి తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత పక్వానికి వచ్చి బయటపడడానికి ఇంకో రెండు వారాలు వేసుకోండి. మొత్తం మూడు నెలలు, మీ కదిరి వేరుశనగ చేతికి రావడానికి పట్టేదానికంటే కాస్త తక్కువే. పోయిన పంట పోయింది, నేల బాగుపడితే వచ్చే పంట వేరుగా ఉంటుంది. డెన్మార్కులో ఒక బ్యాటరీ ఫ్యాక్టరీ కార్మికులను ఏళ్ల తరబడి గమనిస్తే, రక్తంలో సీసం తగ్గేకొద్దీ వాళ్ల వీర్యం మెరుగవుతూ వచ్చింది. 1999లో అది అచ్చయింది.

కాకపోతే సీసం ఒంట్లో దాక్కునే చోటు ఎముక. రక్తంలో ఉన్నది నెలకు సుమారు సగం చొప్పున తగ్గుతుంది. ఎముకల్లోకి చేరింది పదేళ్లకు గానీ, ఇంకా ఎక్కువకు గానీ కదలదు, అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా రక్తంలోకి ఊరుతూనే ఉంటుంది. కాబట్టి సీసానికి దూరమైన మొదటి రెండు మూడు నెలల్లో మీ అంకె బాగా దిగుతుంది, ఆ తర్వాత నత్తనడక. భయపడకండి, సున్నా అయ్యేదాకా ఆగక్కర్లేదు. అంకె దిగి, అక్కణ్ణుంచి ఒక మూడు నెలలు గడిచాక ప్రయత్నం మొదలుపెట్టండి. అంతవరకూ కండోమ్ వాడండి. పిల్లలు లేరని రాసిన మనిషికి కండోమ్ సలహా ఇస్తున్నానని మీ ఆవిడ నన్ను తిట్టుకున్నా పరవాలేదు.

బిడ్డ సంగతికి వస్తాను. తండ్రి ఒంట్లోని సీసం బిడ్డను చేరడానికి రెండు దారులున్నాయి.

ఒకటి బీజం దారి. వీర్యకణం తలలో డీఎన్‌ఏను మూటలా బిగించి కట్టే ప్రోటీన్లుంటాయి. ఆ ముడి గట్టిగా ఉండాలంటే జింక్ కావాలి. సీసం వచ్చి జింక్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది, మూట వదులవుతుంది, లోపలి సరుకు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. తండ్రి రక్తంలో సీసం ఎక్కువున్నప్పుడు గర్భం ఆలస్యంగా రావడం, పోవడం, బిడ్డ బరువు తగ్గడం జరుగుతాయని చూపిన పరిశీలనలున్నాయి, చూపనివీ ఉన్నాయి. మీ మొదటి గర్భం పోవడానికి ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాలు ఏ కారణమూ లేని ఇళ్లలో కూడా బోలెడు. సీసం వల్ల బిడ్డకు ఫలానా అవకరం వస్తుందని కూడా ఎవరూ వేలు పెట్టి చూపలేరు.

రెండోది దుమ్ము దారి. నన్నడిగితే మీరు ఎక్కువ భయపడాల్సింది దీనికే, మీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్కా లేదు.

నేను ఈ వైపే ఒక ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో కూర్చున్న రోజుల్లో సీసం పనిచేసే ఒకాయన వచ్చేవాడు. మహా శుభ్రం మనిషి. ‘సార్, నేను మూడుసార్లు సబ్బు పెడతా’ అని చేతులు చాపి చూపించేవాడు. చేతులు నిజంగానే తెల్లగా ఉండేవి. ఒకరోజు నర్సు తడిదూది తీసుకుని ఆయన వాచీ పట్టీ కింద తుడిచింది. తర్వాత చెవి వెనక. తర్వాత ఆయన టిఫిన్ క్యారియర్ పిడి. మూడు దూదులూ ట్రేలో పక్కపక్కన పెట్టింది. మూడూ పెన్సిల్ పొడి రుద్దినట్టు బూడిదరంగు. ఆయన చాలాసేపు ఆ పిడినే చూస్తూ నిలబడ్డాడు. ఆ క్యారియర్ రోజూ సాయంత్రం విప్పి కడిగేది ఆయన పదేళ్ల కూతురు.

ఈ రాత్రి మీరూ చేసి చూడండి. తెల్లగుడ్డ తడిపి మీ బండి సీటు తుడవండి, దిండుగలీబు తుడవండి, చెప్పులు విడిచే గుమ్మం తుడవండి. గుడ్డ నల్లబడితే అదంతా సీసమనీ కాదు, తెల్లగా వస్తే సీసం లేదనీ కాదు. కానీ షెడ్డు మీ వెంట ఇంటిదాకా ఎలా వస్తుందో ఆ గుడ్డలో కనబడుతుంది.

మీ ఇంట్లో రెండున్నరేళ్ల పాప ఉంది. ఆ వయసు పిల్లలు నేలమీద పాకి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకోవడమే పనిగా ఉంటారు. పెద్దవాళ్లతో పోలిస్తే మింగిన సీసంలో నాలుగైదు రెట్లు ఎక్కువ వాళ్ల ఒంటికి పడుతుంది. పాప మందకొడిగా ఉండదు, జ్వరం రాదు, ఏమీ తెలీదు. నాలుగేళ్ల తర్వాత బడిలో చదువు తలకెక్కదు, ఒకచోట కుదురుగా కూర్చోదు, అంతే. పోయిన తెలివి తిరిగి రాదు. పిల్లలకు ఇంతవరకు పరవాలేదు అనే అంకె అసలు లేదు. అమెరికాలో 3.5 వచ్చినా చాలు, పట్టించుకుంటారు. అందుకే మీ ఇంట్లో మొదటి బ్లడ్ లెడ్ టెస్టు మీకు కాదు, పాపకు. మీ అన్నకు ఈ ఉత్తరం చూపించండి. మొహమాటపడకండి.

బెంగళూరుకు ఈ విషయం తెలియక కాదు. 1990ల చివర్లో ఇక్కడి జార్జ్ ఫౌండేషన్ బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జనం రక్తం పరీక్షించింది. నగరాల పిల్లల్లో సగానికి పైగా అప్పటి హద్దు 10ని దాటి ఉన్నారు. అప్పుడు పెట్రోల్లోనే సీసం కలిపేవారు, 2000 ఏప్రిల్ నుంచి దేశమంతా ఆపేశారు. రోడ్డుమీది సీసం తగ్గింది. పని బట్టల్లో ఇంటికొచ్చేది తగ్గలేదు. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ సీసం కోసమే ఒక జాతీయ కేంద్రం నడిపారు, ఆయన్ను ‘లెడ్ మ్యాన్’ అనేవారు. దేవనహళ్లి దగ్గర వైద్య పరిశోధనా మండలివాళ్ల వృత్తి ఆరోగ్య కేంద్రం ఉంది. ఇన్ని ఉన్న ఊళ్లో మీకు ఎనిమిదేళ్లుగా ఒక్క రక్తపరీక్ష లేకపోవడం నాకు కడుపు మండే సంగతి.

బట్టలు ఎవరు ఉతుకుతారో మీరు రాయలేదు. నాకు తెలుసు. ఉతికే ముందు వాటిని దులిపేదీ ఆమే. ఆ దులపడంలోనే దుమ్ము ఆమె ముక్కులోకి పోతుంది. సీసం మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డకు నేరుగా చేరుతుంది. గర్భంలో బిడ్డ ఎముకలకు కాల్షియం కావాల్సి వచ్చి తల్లి ఎముక కరిగినప్పుడు, ఎప్పుడో దాచుకున్న సీసమూ దాంతోపాటు బయటికొస్తుంది. అందుకే రెండో టెస్టు ఆమెకు. ఈ నాలుగేళ్లలో ఆమెకు చేసిన టెస్టులన్నిటికంటే ఇది ముఖ్యం.

ఇవాళ్టి నుంచి పని బట్టలు, పని చెప్పులు షెడ్డులోనే ఉండాలి. స్నానం అక్కడే చెయ్యాలి, తలస్నానంతో సహా. జుట్టు కురచగా కత్తిరించుకోండి. షెడ్డులో బాత్‌రూమ్ లేకపోతే డ్రమ్ము నీళ్లు, మగ్గు చాలు. ఉతకడానికి తేక తప్పదంటే ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి తెచ్చి, దులపకుండా నేరుగా నీళ్లలో ముంచి, ఇంకెవరి బట్టలతోనూ కలపకుండా మీరే ఉతకండి. ఇంట్లో పొడి చీపురు ఆపి తడిగుడ్డ పెట్టండి. ఫోను కూడా తుడవండి, పాప ఆడుకునేది దాంతోనే కదా.

పాలు, బెల్లం. మీ ఓనరు మోసగాడని నేననను, ఆయన కూడా ఎవరి దగ్గరో విన్నదే చెబుతున్నాడు. పాలు సీసాన్ని కడగవు. బెల్లం ఊపిరితిత్తుల్లో దుమ్మునూ కడగదు. అయితే ఒక పాయింటుంది. ఖాళీ కడుపుతో ఉంటే సీసం ఎక్కువ పడుతుంది. కాల్షియం, ఇనుము తక్కువున్న ఒంటికి కూడా ఎక్కువ పడుతుంది. కాబట్టి తిని వెళ్లండి. మనవాళ్లకు రాగిముద్ద ఉండనే ఉంది, వంద గ్రాముల రాగిపిండిలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం. ఇన్ని లోహాల మధ్య చెబుతున్నాను కాబట్టి మరోసారి చెబుతా, ఈ రాగి ధాన్యం, తీగ కాదు. కానీ ముద్ద తినాల్సింది చేత్తో. అసలు ప్రమాదం అక్కడుంది. షెడ్డులో కూర్చుని, ఆ చేతులతో, ఆ గాలిలో తినకండి. చేతులు, మొహం కడిగి బయటికెళ్లి తినండి. టీ గ్లాసు పొయ్యి పక్కన పెట్టకండి.

మీరు బీడీ, సిగరెట్ తాగుతారో లేదో రాయలేదు. పని మధ్యలో తాగితే వేళ్లకున్న సీసం నేరుగా నోట్లోకి. పైగా పొగాకులో కాడ్మియం ఉంటుంది. అది వృషణాలకు శత్రువని 1950ల్లోనే ఎలుకల మీద తేలింది, మూత్రపిండాల్లో చేరితే పదేళ్లకూ పోదు. మన ఆడవాళ్లు నగల కొట్లో అడిగే కేడీఎం బంగారం గుర్తుందా? ఆ కేడీఎం కాడ్మియమే. నగల అతుకులకు వాడేవారు, పొగ పీల్చిన కంసాలుల ఆరోగ్యం చెడుతోందనే దాన్ని మాన్పించారు. మీ అన్న పని మాటెత్తారు కాబట్టి ఒక్క మాట. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ పొగలో క్రోమియం, నికెల్ ఉంటాయి. వెల్డర్ల వీర్యం గురించి ఒక్కో పరిశోధన ఒక్కో మాట చెప్పింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ గురించి మాత్రం రెండో మాట లేదు. ఆయన పొగ తలకు ఎదురుగా రాకుండా చూసుకోవాలి, పొగను లాగే గొట్టం పెట్టించమనాలి.

పని మానేయాలా? కరిగించే పని, పగలగొట్టే పని మానేయాలి. బ్యాటరీ పని మానక్కర్లేదు. ఈ రెండింటినీ మీరు ఒకటిగా చూస్తున్నారు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 500 దాటితే పొగ బాగా లేస్తుంది. ఆ పొగ మీ రుమాలుకూ సర్జికల్ మాస్కుకూ ఆగదు, సరైన ఫిల్టరున్న రెస్పిరేటర్ కావాలి. ఎనిమిదేళ్ల అనుభవమున్న మనిషికి సర్వీసు, చార్జింగు, ఇన్వర్టర్ బిగింపు, డెలివరీ లాంటి పనులు ఈ ఊళ్లో దొరకవా? మీ ఓనరునే ముందు అడగండి. లోడింగుకో లెక్కలకో మార్చమనండి. నెలకు వెయ్యో రెండువేలో తగ్గినా, ఇప్పటిదాకా టెస్టులకు పోసిన డబ్బు లెక్కేసి చూసుకోండి.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. సీసం విషం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో మొట్టమొదటి పేరుగా ఉండేది. ఈఎస్‌ఐ కింద వృత్తి వ్యాధిగానూ గుర్తింపు ఉంది. మీకు ఈఎస్‌ఐ కార్డుంటే రాజాజీనగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లి, ‘సీసం పని, ఎనిమిదేళ్లు’ అని ఓపీ చీటీ మీద రాయించండి. ఆ రాత తర్వాత పనికొస్తుంది. చిన్న షెడ్డయితే కార్డు ఉండకపోవచ్చు, అప్పుడు పైన చెప్పిన ల్యాబే గతి.

ఒంట్లోంచి సీసం లాగే మందులు లేకపోలేదు. అవి చాలా ఎక్కువున్నవాళ్లకు, ఆసుపత్రి పర్యవేక్షణలో. వాటిని వాడుతూ మళ్లీ పొయ్యి దగ్గర నిలబడితే మేలు కంటే కీడే ఎక్కువ. డీటాక్స్ పేరుతో అమ్మే వాటి గురించి నన్నడగొద్దు, నా బీపీ పెరుగుతుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, రోజుల తరబడి మలబద్ధకం, కీళ్లనొప్పులు, చిగుళ్ల అంచున నీలిగీత, మణికట్టు పైకి లేవకపోవడం, వీటిలో ఏదున్నా వారం ఆగకుండా డాక్టరును కలవండి.

మీ అమ్మగారి సంగతి చివరికి ఉంచాను, అది మందుల చీటీతో పోయేది కాదు కాబట్టి. ఉత్తరంలో ‘అయినా మా అమ్మ ఆమెనే అంటోంది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. కౌంట్ మీది తక్కువొచ్చిందని మీ అమ్మగారికి చెప్పారా? చెప్పి ఉండరు. మగవాడికి ఆ మాట నోరు తెరిచి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, డిస్పెన్సరీలో చాలామంది తలుపు మూసి వచ్చాకే గొంతు పెగిలేది. కానీ మీరు నోరు మూసుకున్న ప్రతిరోజూ ఆమె మాట పడుతోంది. ఊరికి ఫోను చేసి, ‘అమ్మా, లోపం నాలో ఉంది, పని వల్ల కావచ్చు, మూడు నాలుగు నెలల్లో బాగయ్యే వీలుంది, అందాకా ఆమెను ఒక్క మాట అనొద్దు’ అని చెప్పండి. స్పీకరు పెట్టి, మీ ఆవిడ వింటుండగా చెప్పండి.

మీ ఆవిడ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పటినుంచే వేసుకోవచ్చు, మీరు ప్రయత్నం మొదలుపెట్టేనాటికి పనికొస్తుంది. మీరు నెలా రెండు నెలలకోసారి రక్తంలో సీసం చూపించుకోండి, మూడు నెలలకు మళ్లీ వీర్యపరీక్ష. ఈ ఆదివారం కాకుండా వచ్చే ఆదివారంలోగా మూడు అంకెలూ, పాపది, ఆవిడది, మీది, నాకు రాసి పంపండి. పాపది పది దాటి వస్తే ఉత్తరం కోసం ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.